ఉడుంపట్టు

మా వదిన డబ్బాకి మూత బిగించిందంటే, దాన్ని తీయడానికి దేవుడు దిగి రావాల్సిందే. మా అన్న చక్కెర డబ్బాతో కుస్తీపట్టి, ఓడిపోయి, "తీపి లేకపోతేనే ఆరోగ్యంలే" అంటూ చప్పటి టీ తాగేవాడు. నేను అలా సర్దుకుపోయే రకం కాదు. డబ్బాని గట్టుకేసి బాది, నోటికొచ్చినదల్లా అనేదాన్ని.

పిల్లల బడి గొడవలు కాస్త తగ్గాక, నలభైకి దగ్గరపడుతూ, ఆవిడ మా ఫ్యాక్టరీలో మెకానిక్ పనికి అప్రెంటిస్‌గా చేరింది. నేనక్కడ ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు బెల్టు మీదికి ఎక్కిస్తాను. మెషీన్లు బాగుచేసే వాళ్ళలో అంతవరకూ ఆడమనిషన్నదే లేదు. "ఈ వయసులో ఈ పానాలేంటమ్మా?" అని దెప్పినవాళ్ళ ఎదుటే వదిన ఇంకో బోల్టు బిగించేది. అబ్బ, ఏం మొండితనం! ఇంట్లో కుళాయిలు, కిటికీ గొళ్ళేలు, ఆఖరికి నా సైకిలు కూడా విప్పి మళ్ళీ బిగించి నేర్చుకుంది.

చిక్కంతా ఆ బిగింపులోనే వచ్చింది. మొదటి పరీక్షలో బోల్టు తల పుటుక్కున తెగి, పని నేర్పే మేస్త్రి కాళ్ళ దగ్గర పడింది. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో ఆవిడ పేరు ఉడుంపట్టు.

"వదులైపోతుందేమోనని భయం, మేస్త్రిగారూ," అంది వదిన.

"నట్టే చెబుతుందమ్మా, ఇక చాలని. ఆ పైన తిప్పేది నీ భయమే. మళ్ళీ తప్పావంటే ఇంటికి పంపించేస్తారు, నా చేతుల్లో ఏం లేదు."

రెండో పరీక్ష సరిగ్గా నా బెల్టు దగ్గరే పెట్టారు. బెల్టు తిరుగుతోంది కానీ పక్కన దాని ఇరుసు తిరిగే బేరింగు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. మేస్త్రి, మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వదిన స్విచ్చి ఆపి, ఎవరూ మళ్ళీ వేయకుండా దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. మోటారు నుంచి ఇరుసుకి వెళ్ళే చిన్న బెల్టుని బొటనవేలితో నొక్కింది. అది కొంచెమైనా దిగలేదు, అంత బిగుతు.

వదిన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పోయిన వారం మేస్త్రి సెలవులో ఉంటే ఆ చిన్న బెల్టు మార్చింది వదినే. చూసింది నేనొక్కదాన్నే. చెప్పకు తల్లీ, నోరు మూసుకో అని కళ్ళతోనే బతిమాలాను.

ఆవిడ మోటారు బోల్టులు వదులుచేసి, బెల్టు నొక్కి చూసి, నెమ్మదిగా బిగించింది. పానా ఒకచోట ఆగింది. ఇంకాస్త తిప్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తాళం తీసి నడిపించాక, చాలాసేపటికి మేస్త్రి బేరింగు మీద చెయ్యి పెట్టి తలూపాడు.

"బిగుతెక్కువైందా? ఎవరు చేశారీ ఘనకార్యం?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్. పోయిన వారం," అంది వదిన.

నెత్తి బాదుకున్నాను. చేజేతులా చెడగొట్టుకుంది కదా అని ఏడుపొచ్చింది. అయినా ఆ మాట చెప్పిన గొంతు ఎంత నిబ్బరంగా ఉందో! అంత గుండె నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

మేస్త్రి మేనేజరు వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళుగా ఎవరెవరో చేసిన తప్పులు సరిచేస్తున్నాను సార్. ఒక్కరూ వచ్చి నేనేనని చెప్పలేదు. ఈవిడ్ని నాకిచ్చెయ్యండి." మేనేజరు కాసేపు బెల్టు వంక చూసి, సరేనన్నాడు.

ఇంటికెళ్ళాక అందరికీ నేనే టీ పెట్టాను. వదిన అప్పుడే చక్కెర నింపి మూతపెట్టిన డబ్బాని పొట్టకి అదిమిపట్టి, పళ్ళు బిగించి, అలవాటు కొద్దీ బలమంతా పెట్టి మూత తిప్పాను. అది ఇట్టే ఊడొచ్చింది. చక్కెరంతా నా నెత్తిన, గట్టు మీద, నేల మీద.

వదిన గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "అంత బలమెందుకే అమ్మాయ్?" అంది.