వేయించిన కండెల మంట

రొట్టెలక్కకు ఆ వీధిలో ఎవరితోనూ పేచీ లేదు, తన పొయ్యి పొగతో తప్ప. గింజలు వలిచేసిన మొక్కజొన్న కండెలే ఆమె వంటచెరకు. అవి భగ్గున అంటుకుని, ముందు వరస రొట్టెలు మాడ్చి, వెనక వరస కాలకముందే చల్లారేవి. పొగ మాత్రం పైవాటా కిటికీలోకి తిన్నగా దూరేది.

ఒక ఉదయం పైవాటా దర్జీ దిగివచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, తగువుకి రాలేదు. మా పాపకి పుట్టినప్పట్నుంచీ ఊపిరి సరిగ్గా అందదు. పొగొస్తే దగ్గి దగ్గి నీలంగా అయిపోతోంది."

రొట్టెలక్క పొయ్యి తలుపు మూసేసింది. ఆర్పితే ఇల్లు గడవదు, వెలిగిస్తే పసిదానికి ఊపిరాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొంగడానికి పెట్టిన పిండి కళ్ళముందే అణిగిపోయింది.

సంగతి విని ఆమె మరిది పరుగున వచ్చాడు. ఇంధనాలు పరీక్షించే చోట అతని ఉద్యోగం.

"వదినా, పచ్చి కండెలో తేమా, పొగయ్యే సరుకూ ఉంటాయి. గాలి తగలకుండా ముందే వేయిస్తే అవి చాలావరకు పోతాయి."

"పల్లీలు వేయించినట్టా?"

"అంతే. కానీ మూత పెట్టి."

డ్రమ్ములో కండెలు నింపి, మూత బిగించి పొయ్యి మీదకెక్కించి, అందులోంచి వచ్చే పొగ పొయ్యి మంటలోనే కాలిపోయేలా గొట్టం అమర్చాడు. మొదటి విడత మాడి, పట్టుకుంటే పొడైంది.

"ఇది కాటుకకి పనికొస్తుందిలే" అని ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

రెండో విడత కాఫీగింజ రంగు తేలింది. అంటుకోవడానికి కాస్త బెట్టు చేసింది గానీ, అంటుకున్నాక నిలకడగా కాలింది. రొట్టెలన్నీ ఒకే రంగులో పొంగాయి. పొయ్యి పొగగొట్టం పైన సన్నటి ఆవిరిలాంటిది తప్ప ఏమీ లేదు.

"నీ రుణం ఎలా తీర్చుకోనయ్యా?" అంది మరిదితో.

"వేడిగా ఒకటి పెట్టు, చాలు."

మర్నాడు పైవాటా కిటికీ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. దర్జీ పాపను ఎత్తుకుని కిందికి వచ్చాడు. "చల్లగా ఉండక్కా" అంటూ పాప చేతులు జోడించి దండం పెట్టించాడు.

"నాకెందుకురా దండాలు? నువ్వొచ్చి చెప్పబట్టి తెలిసింది. లేకపోతే బతికినన్నాళ్ళూ ఆ పొగే వదిలేదాన్ని. నేనే నీకు దండం పెట్టాలి" అంటూ ఆమె చేతుల పిండి కొంగుకు తుడుచుకుని పాపను అందుకుంది. పాప ఆమె భుజం మీద తల వాల్చి, అక్కడే నిద్రపోయింది.