ముందు సీటు రేడియో

ఏడాదికోసారి కారులో కొండమీది జలపాతానికి వెళ్లి, చీకటి పడేలోగా ఇల్లు చేరడం ఆ ఇంటి ఆనవాయితీ. నడిపేది నాన్నే. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఆయనుండగా స్టీరింగు మీద ఇంకొకరు చెయ్యి వేయడం కల్ల. పక్క సీటు అమ్మది. కూతురూ, నాలుగేళ్ల మనవరాలూ వెనక.

కారు కదిలిందంటే అమ్మ నోరు కదిలినట్టే. "ఎదురుగా లారీ... ఎడం పక్క సైకిలు... ఎర్రలైటు పడిందండీ, ఆపండి." తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనని కూతురు ఆమెకు రేడియో అని పేరు పెట్టింది. ముక్కు మీద కోపమున్న నాన్న మాత్రం దీనికి కిక్కురుమనడు. రోజూ మనవరాలిని బడిలో దింపడానికి వెళ్లినా అమ్మ పక్కన ఉండాల్సిందే. ఈ వయసులో ఎంత అన్యోన్యమో అని కూతురు మురిసిపోయేది.

ఈసారి మాత్రం ఆ ఆగని మాటలకు ఆమెకు చిర్రెత్తింది. ఫలహారానికి ఆగినప్పుడు అమ్మ చేతిలో ఒక మాత్ర పెట్టింది. "కొండ మలుపుల్లో నీకు వాంతులవుతాయి, వేసుకో." నిద్ర ముంచుకొస్తుందని తెలిసే ఇచ్చింది.

"మత్తుగా ఉండదు కదా? నేను పడుకోకూడదే," అంది అమ్మ.

"ఏం కాదులే, మింగు."

నాన్న ఫ్లాస్కులోంచి టీని కప్పు పక్కన పోసి, బల్ల వంకరగా ఉందని విసుక్కున్నాడు. కూతురు పకపకా నవ్వింది.

కొండ ఎక్కడం మొదలయ్యేసరికి అమ్మ తల కిటికీకి ఆనింది. ప్రాణానికి హాయిగా ఉందనుకుంది కూతురు. ఆ హాయి కాసేపే.

"మీ అమ్మ మాట్లాడట్లేదేం?"

"నిద్రపోయింది, హమ్మయ్య!"

నాన్న మెడ చాచి ముందు అద్దం మీదికి వంగాడు. ఏసీ చల్లగా వీస్తున్నా ఆయన మెడ వెనక చెమట కారుతోంది.

"లేపు దాన్ని."

"పాపం, పడుకోనీ నాన్నా."

"లేపమంటున్నానా!"

ఆ గొంతు వణకడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అమ్మ భుజం పట్టి కుదిపింది. అమ్మ మూలిగి మళ్లీ కిటికీకి ఒరిగింది. ముందు రోడ్డు కుడికి తిరిగింది. కారు తిన్నగా పోతోంది. అంచున తెల్ల రాళ్లు, వాటి అవతల ఎక్కడో కింద చెట్ల తలలు.

"కుడికి నాన్నా! కుడికి!"

స్టీరింగు తిరిగింది. ఎడమ చక్రం రాయిని ఒరుసుకుని కారు రోడ్డెక్కింది. "మళ్లీ, తాతా!" అని చప్పట్లు కొట్టింది మనవరాలు.

ఇన్నాళ్లూ తను వేళాకోళం చేసింది ఆయన కళ్లనని కూతురికి అప్పుడు తెలిసింది. వాటికి మాత్ర వేసి నిద్రపుచ్చిందీ తనే. ఏడుద్దామన్నా వ్యవధి లేదు.

"ఎదురుగా బస్సు, మెల్లగా. ఇప్పుడు ఎడమకి... ఇంకా... చాలు." అమ్మ మాటలే, అమ్మ వరుసలోనే ఆమె నోట వచ్చాయి. ఆయన వింటూ తిప్పాడు. రోడ్డు వెడల్పైన చోట ఆపించి, దిగి ఆయన తలుపు దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈ దార్లన్నీ నాకు కొట్టిన పిండే, పిట్టా."

"రోజూ నా బిడ్డని బడికి తీసుకెళ్తున్నావు నాన్నా!"

"మీ అమ్మ చెబుతుందిగా."

ఆమె చెయ్యి చాచింది. "తాళాలివ్వు."

మండిపడతాడనుకుంది. ఆయన ఇంజను ఆపి, తాళాలు తీశాడు. ఆమె చెయ్యి ఆయన ముఖం ముందే ఉంది. ఆయన జానెడు పక్కకి, ఎవరూ లేని వైపు వాటిని చాచి పట్టుకుని, "తీసుకో, పిట్టా," అన్నాడు.