నోరు ఎండని రోజులు

వేడి ఇసుకలోంచి బొరుగుల్ని జల్లెడలోకి తోడి పక్కకు తిరిగేసరికి మునీశ్వరి తలలో మళ్లీ కరెంటు కొట్టినట్టయింది. జల్లెడ జారింది. బొరుగులు బట్టీ ముందు నేలంతా చిందాయి.

"జాతర ముందర పెట్టుకోని కండ్లు యాడ పెట్టుకోనుండావే?" అంది అత్త జయమ్మ, బియ్యం ఆరబోస్తూ.

మునీశ్వరి ఇంకో వాయి బియ్యం బాణలిలో పోసి చీపురు అందుకుంది.

పుంగనూరులో ఆ బట్టీకి గంగజాతరే పంట. ఈసారి ఆ పంటకు కొన్ని నెలల ముందే ఆమె మనసు మూతపడింది. పొద్దున లేవడమే కొండయింది. మదనపల్లె డాక్టరు మొదట ఇచ్చిన మాత్రకు తిన్నదంతా కక్కుకునేది. రెండోదానికి నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, బట్టీ ముందే కునుకు పట్టేది. "కొన్నాళ్లు ఓర్చుకోమ్మా. మధ్యలో మాత్రం ఆపొద్దు" అన్నాడాయన. మాత్రలు ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంచమన్నాడు. అవి జయమ్మ కొంగుముడిలోకి చేరాయి.

నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని మునీశ్వరి ఓర్చుకుంది. ఒకరోజు చారులో ఇంగువ వాసన తెలిసింది. ఇంకోరోజు ఎవరూ చెప్పకుండానే కూతురు అనూషకు రెండు జడలు వేసింది. ఆ తర్వాత, ఎందుకో, మళ్లీ చీకటి కమ్మింది.

నిన్న డాక్టరు దగ్గరికి భర్త రాజేంద్ర తోడు వచ్చాడు.

"నోరు ఎండడం తగ్గిందా?"

"పూర్తిగా పాయె సార్. వణుకూ లేదు. తలలోనే కరెంటు కొట్టినట్టుంటాది" అంది మునీశ్వరి.

"మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఇలా అవుతుంది. రోజూ వేస్తున్నారా?" డాక్టరు రాజేంద్రను చూశాడు.

"మాయమ్మ చేత్తోనే ఇస్తాది సార్."

అయితే ఈ మందు ఈమెకు పడలేదేమో అంటూ డాక్టరు మూడోది రాశాడు. తిరుగు బస్సులో రాజేంద్ర బత్తాయి ఒలిచి ఒక్కో తొన చేతికిచ్చాడు. "ఈ మందన్నా పనిచేస్తే సాలు" అన్నాడు. ఇంటికి రాగానే కొత్త మాత్రలూ జయమ్మ కొంగుముడిలోకే పోయాయి.

ఊడుస్తున్న మునీశ్వరి ఆగింది. ఇంత సెగలోనూ నోట్లో తడి ఉంది. గుటక వేసి చూసుకుంది. చీపురు కింద పెట్టింది.

"అత్తా, నాకు రోజూ ఇస్తాండే మాత్రల అట్ట సూపించు."

"యాల?"

"సూపించు."

జయమ్మ లేవలేదు. "సత్తువ మాత్రలేలే. ఇసమేం పెట్టలేదు గదా. ఆ మందు మింగి నువ్వు తూగతా ఉంటే బట్టీ ఎవురు సూడాల? ఇప్పుడు సూడు, చేతులు నిలకడగా ఉండాయి."

"నీ కొడుక్కు తెలుసునా?"

"వాడే కదా తెచ్చింది."

మునీశ్వరి నాలుక మీద బత్తాయి పులుపు తిరిగింది.

బియ్యం మూటతో రాజేంద్ర లోపలికి వచ్చాడు. పొయ్యి మీద బాణలిని, ఊరికే నిలబడ్డ భార్యను చూశాడు. "బియ్యం మాడిపోతాండాయి. యాల నిలబడినావు?"

ఆమె అతని వైపు తిరగలేదు. అత్త ముందు అరచెయ్యి చాపింది.

"కొత్త మాత్రలు నా చేతికియ్యి. ఇంక మీ చేత్తో ఇస్తే మింగను."

"అమ్మ మంచికే సేసింది మునీ..." రాజేంద్ర మూట దించకుండానే అన్నాడు.

"బత్తాయి కూడా మంచికేనా?"

జయమ్మ కొంగుముడిని పిడికిట బిగించింది. బాణలిలోంచి నల్లటి పొగ లేచింది. ముగ్గురిలో ఎవరూ దాన్ని దించలేదు. మునీశ్వరి చాపిన చెయ్యి వణకలేదు, వెనక్కీ పోలేదు.