తెర మీద పట్టని అక్షరం

ఎలీషమ్మ వేలికి సూది గుచ్చుకున్నది సోమవారం పొద్దున తొమ్మిది దాటాక. మేడ్చల్‌లో హైవే పక్కనున్న ఎనభై పడకల ఆసుపత్రిలో ఆమె పదకొండేళ్లుగా వార్డులు ఊడ్చి తుడుస్తోంది. మూడో వార్డులో మంచం కింద పడి ఉన్న సూదిని ఎవరూ చూసుకోలేదు. తుడిచిన తడిగుడ్డలో చిక్కుకున్న ఆ సూది, గుడ్డ పిండుతుంటే గ్లవుజును చీల్చుకుని చూపుడువేలిలో దిగింది. ఆ మంచం మీది పేషెంటుకు హెపటైటిస్ బి ఉందని కేసుషీటు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

డాక్టర్ వీరభద్రం ఆమె వేలిని సబ్బునీళ్లతో బాగా కడిగించి, కంప్యూటర్‌లో ఆమె పేరు తీశాడు. టీకాల గడిలో ‘మూడు డోసులు పూర్తి’ అని పచ్చరంగులో ఉంది.

“నీకు ఇంజక్షన్లు అన్నీ పడ్డయి. ఫికర్ చెయ్యకు. రక్తం పరీక్షకు పంపుతున్న, రిపోర్టు రేపొస్తది” అన్నాడు.

ఎలీషమ్మ వేలికి బ్యాండేజి కోసం కింద మందుల కౌంటర్ దగ్గరికి వచ్చింది. అక్కడ ఇన్‌చార్జి ఫార్మసిస్టు ఆమని. మేడ్చల్ పిల్లే, అదే ఆసుపత్రిలో ఆరేళ్లుగా పని చేస్తోంది.

“ఏమైందక్కా?”

“సూది దిగింది మేడం. పచ్చకామెర్ల పేషెంటుదంట. నాకు మూడు ఇంజక్షన్లు పడ్డయి గదా, ఏం కాదన్నడు సారు.”

ఆమని బ్యాండేజి ఇచ్చి, తన కంప్యూటర్‌లో ఎలీషమ్మ పేరు తెరిచింది. మూడు వరుసలున్నాయి. మూడింట్లోనూ ఒకటే మాట, ‘హెపటైటిస్ వ్యాక్సిన్ అడల్ట్’. ఆ తర్వాత గీత, గడి అయిపోయింది.

పెద్దవాళ్లకిచ్చే హెపటైటిస్ టీకాలు ఆ ఆసుపత్రి ఫ్రిజ్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఏ, ఒకటి బి. ఏ అనే జబ్బు కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. బి రక్తంతో వస్తుంది. ఒకదాని టీకా రెండోదానికి పనిచెయ్యదు. రెండూ చిన్న సీసాలే, రెండూ ఒక ఎం.ఎల్.

నిరుడు హెడ్డాఫీసు వాళ్లు అన్ని బ్రాంచీల్లో ప్రతి మందుకూ ఒకే పేరు, ఒకే కోడ్ ఉండాలని కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అందరికన్నా ముందు సంతోషపడింది ఆమనే. అంతకుముందు ఒకే మందును ఒకరు కంపెనీ పేరుతో, ఒకరు అసలు పేరుతో, ఒకరు డబ్బా రంగుతో అడిగేవాళ్లు. కానీ ఈ కొత్త పేర్లలో మొదట మందు రకం, తర్వాత వయసు, చివర ఏ నో బి నో, ఎంత మోతాదో పెట్టారు. కౌంటర్ తెర మీద అంత పొడుగు పేరు పట్టదు. చివరిది తెగిపోతుంది. జాబితాలో రెండు వరుసలు అచ్చం ఒకేలా కనిపిస్తాయి. దాని మీద ఆమని నాలుగుసార్లు ఫిర్యాదు పెట్టింది. నాలుగుసార్లూ రెండ్రోజుల్లో ‘పరిష్కరించబడింది’ అని జవాబొచ్చింది. పేరు చూడొద్దు, కోడ్ చూడండి అని పైనుంచి ఒక కాగితం కూడా వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టెల మీద పేర్లు తీసేసి కోడ్ నంబర్లు అంటించారు.

కానీ ఒకసారి వేసేసిన టీకాల కోడ్ కౌంటర్ కంప్యూటర్ చూపించదు. ఆమని సుచిత్ర సెంటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ఎత్తేది అన్వేషే.

“మేడం, డోసులు కంప్లీట్ అనే చూపిస్తాంది కదా.”

“ఏ టీకా అని అడుగుతున్న.”

“ఏ టీకా గురించా మేడం? బి గురించి కాదా?”

“అన్వేష్, గదే నేను నిన్ను అడుగుతున్న. ఆమెకు పడింది ఏ నా, బి నా?”

“కోడ్ చూడాలంటే హెడ్డాఫీస్ పర్మిషన్ కావాలె మేడం. కంప్లయింట్ టికెట్ రేజ్ చెయ్యండి.”

ఆమని ఫోన్ పెట్టేసింది. ఎలీషమ్మ వైపు తిరిగి, టీకాలేసినప్పుడు ఇచ్చిన కార్డు ఉందా అని అడిగింది. ఉంది. దూలపల్లిలో ఇంట్లో బైబిల్‌లో పెట్టిందట. ఆమె కూతురు క్రిస్టీనా అక్కడే ఒక ప్యాకింగ్ కంపెనీలో పని చేస్తుంది. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని ఇంటికెళ్లి, అరగంటలో కార్డు ఫొటో పంపింది.

కార్డు మీద చేతిరాత ‘హెప్ అడల్ట్’ అనే ఉంది. కానీ వేసిన నర్సు ఎవరో బుద్ధిమంతురాలు. మూడు సీసాల మీది చీటీలూ ఒలిచి వరుసగా అంటించింది. ఆమని ఫొటోను పెద్దది చేసి చూసింది. మొదటిది బి. అది కొత్త సాఫ్ట్‌వేర్ రాకముందు వేసింది. రెండోది ఏ. మూడోదీ ఏ.

ఆ రెండు రోజులూ ఫ్రిజ్‌లోంచి సీసాలు తీసిచ్చింది తనే. ఆర్డర్ చీటీ మీదున్న కోడ్ చూసి, అదే కోడ్ అంటించిన పెట్టెలోంచి తీసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టింది. సీసా తిప్పి చూస్తే పేరు ఉండేది. చూడలేదు.

మెట్లెక్కి వీరభద్రం ముందు ఫోన్ పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

“ఒకటే డోసు పడ్డట్టు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇయ్యాలె. రిపోర్టు దాకా ఆగొద్దు, ఇయ్యాల్నే ఇయ్యాలె” అన్నాడు. జబ్బును ఎదుర్కొనే శక్తిని తయారుగా శరీరంలోకి ఎక్కించే మందు అది. సూది గుచ్చుకున్న ఇరవై నాలుగు గంటల్లోపు ఇస్తే మంచిది. ఆయన కంప్యూటర్‌లో ఆర్డర్ కొట్టాడు. ‘ఈ ఉద్యోగికి టీకా పూర్తయింది. ఈ మందు అవసరం లేదు’ అని తెర తిరస్కరించింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

ఆ మందు మేడ్చల్‌లో లేదు. శామీర్‌పేట బ్రాంచిలో ఒక సీసా ఉంది. అక్కడివాళ్లు ఇవ్వాలంటే కోడ్ ఉన్న ఆర్డర్ కావాలి. ఆర్డర్ కావాలంటే ‘పూర్తి’ అన్న మాట తీసెయ్యాలి. ఆమని మళ్లీ ఫోన్ చేసింది.

“ఎంట్రీ తీసెయ్యాలంటే నలభై ఎనిమిది గంటలు పడుతది మేడం” అన్నాడు అన్వేష్.

“గా సూదికి నీ నలభై ఎనిమిది గంటలు తెల్వది.”

“నేనేం చెయ్యను మేడం, ప్రాసెస్ గట్లుంది.”

“నువ్వేం చెయ్యకు. ఫోన్ పెట్టేయి.”

ఆమని ఒక తెల్ల లెటర్‌హెడ్ తెచ్చి వీరభద్రం ముందు పెట్టింది. “సర్, చేత్తోని రాయండి. మందు పేరు మొత్తం, ఎంత, ఎవరికి, ఎందుకు. ఒక్క అక్షరం కూడా తక్కువ చెయ్యకండి.” ఆయన రాసి సంతకం పెట్టాడు. ఆమని ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాను స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని శామీర్‌పేట బయల్దేరింది.

అక్కడి ఫార్మసిస్టు నగేష్ నడివయసు మనిషి, జాగ్రత్తపరుడు. కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

“కోడ్ లేకుంటే నా స్క్రీన్ ఒప్పుకోదు మేడం. రేపు నా మీదికొస్తది.”

“అన్నా, గీ కాగితం మీద ఏం మందో సమజ్ కాలేదా?”

“అయింది.”

“ఎవరికో?”

“అయింది.”

“ఎందుకో?”

నగేష్ కార్డు ఫొటో అడిగి తీసుకుని, మూడు చీటీలూ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. వీరభద్రానికి ఫోన్ చేసి ఒక నిమిషం మాట్లాడాడు. తర్వాత లేచి ఫ్రిజ్ తెరిచాడు. ఒక నోటుబుక్కులో రాసుకుని ఆమని చేత సంతకం పెట్టించుకున్నాడు. “మా దగ్గర గూడ గా రెండు లైన్లు గట్లనే కనవడ్తయి. పెట్టె మీద మార్కర్‌తోని పెద్దగ బి అని రాసుకున్న. తనిఖీకొచ్చినోళ్లు తుడిచేసిండ్రు. మళ్ల రాసిన” అన్నాడు.

రెండున్నరకల్లా ఎలీషమ్మకు ఆ ఇంజక్షన్ పడింది. రెండో చేతికి బి టీకా. నర్సు సిరంజిలోకి లాగేముందు ఆమని సీసా తీసుకుని గట్టిగా చదివింది. తర్వాత ఎలీషమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“అక్కా, అప్పుడు నీకు వేరే టీకా ఇచ్చింది నేనే. రెండుసార్లు.”

ఎలీషమ్మ తన వేలికేసి చూసుకుంది. “నాకు సదువు రాదు. నీకొస్తది గదా బిడ్డా” అంది. గొంతు పెంచలేదు. ఈ ఆరేళ్లలో ఆమనిని మేడం అనకుండా పిలవడం అదే మొదలు. ఆ వెంటనే ఎలీషమ్మే అడిగింది.

“మరి గా దినం నాతోని లైన్ల నిలవడ్డోళ్ల సంగతేంది? యోబు, సత్యమ్మ, గాళ్లంతా?”

ఆ సాయంత్రం ఆమని పాత రిజిస్టర్లు తీసి లెక్క చూసింది. బి బదులు ఏ పడినవాళ్లు ఇరవై ఆరుమంది.

బుధవారం సెలవు పెట్టి, సుచిత్రలో స్వీటు దుకాణం మీది అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకు వెళ్లింది. అన్వేష్ ఆమె అనుకున్నదానికన్నా చిన్నవాడు. అతని ముందు వెడల్పాటి తెర ఉంది. దాని మీద పేర్లన్నీ నిండుగా కనిపిస్తున్నాయి. ఆమని తన ల్యాప్‌టాప్ అతని ముందుకు జరిపింది. దాని తెర కౌంటర్‌లో ఉన్న తెరంత చిన్నదే.

“ఎలీషమ్మకు బి టీకా రాయి.”

అతను జాబితా తెరిచాడు. ఒకేలాంటి రెండు వరుసలు. కొంచెం తడబడి పైదాని మీద నొక్కాడు.

“ఇప్పుడు నీ తెర మీద చూడు, ఏం రాసినవో.”

చూశాడు. పేరు చివర ‘ఏ’ అని ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. “మేడం, టికెట్‌లో మీరు పేరు పొడుగైతాందని రాసిండ్రు. చిన్న ప్రాబ్లమ్ అనుకున్న” అన్నాడు. అక్కడే కూర్చుని మేడ్చల్ జాబితాలో ఏ, బి అన్న అక్షరాలను పేరు మొదటికి తెచ్చాడు. పది నిమిషాల పని. మిగతా బ్రాంచీల్లో మార్చాలంటే అనుమతి కావాలన్నాడు. దానికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల్లో ఇరవై ఆరుమందినీ పిలిచి మళ్లీ బి టీకాలు మొదలుపెట్టారు. యాజమాన్యం ఆమనికి ఒక మెమో ఇచ్చింది, విధుల్లో అప్రమత్తంగా లేరని. పేర్ల సంగతి, తెర సంగతి అందులో లేదు. ఆమని తన తప్పు తాను ఒప్పుకుంటూనే, నాలుగు ఫిర్యాదుల తేదీలూ కింద రాసి సంతకం పెట్టి తిప్పి పంపింది. దానికి జవాబు రాలేదు.

ఎలీషమ్మకు మిగిలిన డోసు కూడా పడింది. ఆర్నెల్లు గడిచాక చేసిన రక్తపరీక్షలో జబ్బు లేదని, టీకా పనిచేసిందని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె మందుల కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆమని రిపోర్టు అంతా ఒకసారి చదివి, మళ్లీ మొదట్నుంచి చదివింది.

“ఆ రోజు నా మీద కోపం రాలేదా అక్కా?”

“ఎందుకు రాదు? మస్తు వచ్చింది. సారు మీదనా, నీ మీదనా, గా కంప్యూటర్ మీదనా, ఎవరి మీద పడాల్నో సమజ్ కాలే. ఇంటికి పోయి క్రిస్టీనా మీద పడ్డ. కూరల ఉప్పెక్కువైందని” అంది ఎలీషమ్మ. “పాపం, ఆ దినం కూర వండింది నేనే.”