డ్రైవరు పీట

ఆ పీటను చూస్తేనే ఏసేపుకు ఒళ్లు మండేది. మండదా మరి? కారు తోలేవాడికి సీటు ఉంటుంది, సీటు మీద వాడు కూర్చుంటాడు. లోకంలో ఎక్కడైనా అంతే. కమలాపురం పక్క పల్లెలో, రామకృష్ణారెడ్డి ఇంట్లో మాత్రం సీటు మీద పీట, పీట మీద ఏసేపు. వేపకొయ్యతో చేయించి, చిత్రిక పట్టి, చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా తేల్చిన పీట. అన్నానికి కూర్చునే పీట లాంటిదే. కాకపోతే దీని మీద కూర్చునేవాడికి ఆ ఇంట్లో ఎవరూ అన్నం వడ్డించరు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రెడ్డి ఖద్దరు తొడిగి రాజకీయాల్లోకి దిగాడు. కర్నూలుకూ కడపకూ తిరగాలంటే కారు లేకపోతే పరువు తక్కువని మద్రాసు నుంచి ఒక పాత నల్లకారు తెప్పించాడు. కారైతే వచ్చింది గానీ తోలే మనిషి లేడు. చుట్టుపక్కల పల్లెలన్నీ గాలిస్తే దొరికినవాడు ఏసేపు ఒక్కడే. ఊరి చివర చర్చి పక్క ఇండ్లవాడు, బర్మా యుద్ధంలో మిలిటరీ లారీలు తోలి వచ్చినవాడు. రెడ్డికి పిలవక తప్పలేదు.

పిలిచాడు సరే, ఆయన తల్లి సుబ్బరత్నమ్మకు పెద్ద చిక్కొచ్చి పడింది. వాడు కూర్చున్న కారులో తను ఎట్లా కూర్చునేది? ఆలోచించి ఆలోచించి ఆవిడే ఒక శాస్త్రం పుట్టించింది. స్టీరింగుకు అంటు లేదు, అది ఇనుము. తలుపుకూ లేదు, అది రేకు. సీటు సంగతి అట్లా కాదు. పైన రెక్సిను ఉన్నా లోపల ఉన్నది దూది, దూది మైలను పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక కడిగినా పోదు. కొయ్యనైతే కడుక్కోవచ్చు. అందుకని పీట. ప్రతి శుక్రవారం జీతగాడు రంగన్న దాన్ని బావి దగ్గర పసుపునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ తెచ్చి సీటు మీద పెట్టేవాడు.

రెడ్డి మహా చక్కగా మాట్లాడేవాడు. అంటరానితనం మన దేశానికి పట్టిన చీడ అని సభల్లో చెబుతుంటే జనం చప్పట్లు కొట్టేవారు. ఏసేపు కారుకు ఆనుకుని నిలబడి అదంతా వినేవాడు. సభ అయిపోయాక రెడ్డి వచ్చి వెనక మెత్తటి సీట్లో ఒరిగేవాడు, ఏసేపు ముందు పీటెక్కేవాడు. ఒకసారి మాత్రం రెడ్డి తనంతట తనే, అమ్మ మాట కాదనలేకపోతున్నానని నసిగాడు. సిగ్గు లేకపోతే సరి.

అవమానం ఒక ఎత్తు, ప్రాణభయం ఇంకొక ఎత్తు. ఏసేపు అసలే పొట్టి. మిలిటరీలో బండి తోలడం నేర్పిన హవల్దారు, సీటు సరిచేసుకోకుండా ఇంజను మీద చెయ్యి వేస్తే వీపు వాయగొట్టేవాడు. ముందు నడుము సీటుకు ఆనాలి. ఆ తరువాత క్లచ్చి అడుగంటా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి. అంత దగ్గరగా సీటును జరుపుకుని, అది పట్టాల మీద టక్కుమని బిగుసుకుందో లేదో ఊపి చూసుకోవాలి. అప్పుడే బండి కదిలేది. ఈ కారు సీటు కింద కూడా జరుపుకునే పిడి ఉంది. ఏం లాభం? పీట ఎత్తుకు కాళ్లు గాల్లో వేలాడుతుంటే సీటును ముందుకు ఎంత జరిపినా బ్రేకుకు కాలివేళ్ల కొసలే అందేవి. మరీ జరిపితే మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కునేవి. దానికి తోడు మలుపు మలుపుకూ పీట జారేది. బ్రేకు తొక్కాల్సిన మనిషి పీటను పట్టుకోవాలో చక్రం పట్టుకోవాలో తెలియక చెమటలు కక్కేవాడు.

"కాలు అందడంల్యా సామీ. ఏదో ఒకనాడు అందరం కలిసే పోతాం," అని రెడ్డితో మొహం మీదే చెప్పాడు. రెడ్డి నవ్వి, అంత యుద్ధం చూసినవాడివి పీటకు భయపడతావేమిరా అని వీపు తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇక లాభం లేదని ఏసేపు ఒక తాడు తెచ్చాడు. పీటను సీటుకు కట్టి, అదే తాడును తన నడుము చుట్టూ తిప్పి వెనక ముడి వేసుకున్నాడు. పీట కదల్లేదు, తనూ కదల్లేదు. రెండు రోజులు ప్రాణం హాయిగా ఉంది. మూడోనాడు సుబ్బరత్నమ్మ కారెక్కి ఆ తాడు చూసి అగ్గి మీద గుగ్గిలమైంది. తాడు వాడి నడుము మీది నుంచి సీటు వెనక్కి, తన మోకాళ్ల ముందుకు వచ్చిందట. తాడు పొడుగునా మైల నడిచి వస్తుందట. రంగన్న చేత అక్కడికక్కడే కోయించి పారేయించింది. ఏసేపు పళ్లు నూరుకుంటూ కోసిన తాడు ముక్కలు ఏరుకున్నాడు. అంతకన్నా ఏం చేస్తాడు? ఈ కారు పోతే మళ్లీ చేన్లో కూలి తప్ప వేరే దారి లేదు. అదీగాక భార్య కృపమణి కడపలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా ఉంది. కారు కడపకు పోయినప్పుడే ఆమె మొహం చూసేది. అందుకే మింగలేక కక్కలేక ఆ పీట మీదే కూర్చున్నాడు.

ఆ వేసవిలో రెడ్డి భార్య నాగలక్ష్మమ్మకు నెలలు నిండాయి. తొలికాన్పు. ఒకనాడు మధ్యాహ్నం నొప్పులు మొదలై సాయంత్రానికి తెమలకపోయేసరికి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కడపకు తీసుకుపొమ్మంది. భార్య కోసం కారు ఇంటి దగ్గరే వదిలి, రెడ్డి రైల్లో కర్నూలు పోయి ఉన్నాడు. సుబ్బరత్నమ్మ కోడలిని వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని, తొందరగా పోనీ అని ఏసేపును ఒకటే తరిమింది.

ఊరు దాటగానే నీళ్లులేని వంక వస్తుంది. దారి ఒక్కసారిగా దిగిపోయి, ఇసకలో అడ్డంగా పోయి, అవతల మళ్లీ ఎక్కుతుంది. ఆ దిగుడు సగంలో ఉండగా కంపచెట్ల చాటు నుంచి మేకల మంద దారి మీదికి వచ్చింది. ఏసేపు బ్రేకుకు కాలు చాచాడు. కారు ముక్కు కిందికి వాలి ఉంది, పీట సర్రున ముందుకు జారింది, దాంతోపాటు తనూ జారాడు. మోకాళ్లు రెండూ స్టీరింగు కింద ఇరుక్కున్నాయి. కాలు బ్రేకు పక్కన తచ్చాడుతోందే గానీ మీదికి ఎక్కడం లేదు. చేతి బ్రేకు లాగి చక్రాన్ని బలంకొద్దీ పక్కకు తిప్పాడు. కారు మేకలను తప్పించుకుని, పక్కకు తిరిగిపోయి, ఇసకతిన్నెలో కూరుకుని ఆగింది. నాగలక్ష్మమ్మ సీటు మీది నుంచి దొర్లి, ముందు సీటు అంచుకు నుదురు కొట్టుకుని, గావుకేక పెట్టింది.

ఆ కేకతో ఏసేపుకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తీసి దిగాడు. పీటను రెండు చేతులా లాగి, ఎంత బలముంటే అంత బలంతో వంకలోకి విసిరేశాడు. వచ్చి దూది సీటు మీద, ముసలామె చూస్తుండగానే, నిండా కూర్చున్నాడు. పిడి లాగి సీటును జరుపుకున్నాడు. మేకల కాపరి చేత తోయించి కారును ఇసకలో నుంచి బయటికి తీశాడు. సుబ్బరత్నమ్మ అన్నీ చూసింది. కోడలి నుదుటి మీద బొప్పిని చెంగుతో అదుముతూ ఉండిపోయింది. కడప చేరేదాకా బ్రేకు ఒక్కసారి కూడా కాలికి తప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డను తిప్పి బయటికి తీసింది. తీసి కృపమణి చేతుల్లో పెట్టింది. మగబిడ్డ. తల్లీ బిడ్డా దక్కారని తెలిసి సుబ్బరత్నమ్మ వరండాలో కూలబడి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి? ఏసేపుకు కూడా ఆ పూట ఆవిడ మీద కోపం కాస్త చల్లారింది. వంకలోనే పీట పీడ విరగడైపోయిందనుకున్నాడు. ఆవిడ కడపలో చుట్టాలింట్లో దిగింది. కోడలిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేదాకా ఏసేపు రెడ్డిని ఎక్కించుకుని కడపకూ ఊరికీ సీటు మీద కూర్చునే తిరిగాడు. రెడ్డి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తల్లినీ బిడ్డనూ ఇంటికి పంపే రోజు వచ్చింది. పొద్దున్నే ఏసేపు కారు తుడిచి, ఆసుపత్రి మెట్ల ముందు నిలిపి, కృపమణి ఇచ్చిన రాగిజావ తాగడానికి వెనక్కి పోయాడు. తాగి వచ్చి తలుపు తీసేసరికి సీటు మీద పీట ఉంది. అదే పీట. ఒక అంచు విరిగింది, మిగతాదంతా పచ్చగా పసుపు వాసన వేస్తోంది. పక్కన రంగన్న తల దించుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ కబురు చేసిందనీ, వంకలో ఇసక తవ్వి వెతికి తెచ్చాననీ, తన తప్పేమీ లేదనీ గొణిగాడు.

ఏసేపు తలెత్తి చూస్తే మెట్ల మీద రెడ్డి, వెనకే నాగలక్ష్మమ్మ. కోడలి నుదుటి మీద దెబ్బ ఇంకా నల్లగా కనబడుతూనే ఉంది. దాన్ని రోజూ కళ్లారా చూస్తూ ఈ ముసలామె మనిషిని పంపి ఇసక తవ్వించిందా? చేతిలో ఉన్న కారు తాళం రెడ్డి ముందుకు చాచాడు.

"ఈ పీట మీద కూర్చోని నేను తోలను సామీ. పనిలో నుంచి తీసేస్తే తీసేయండి. నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డను సంపిన పాపం నాకొద్దు."

రెడ్డి మొహం కందగడ్డయింది. నలుగురిలో నన్నే నిలదీస్తావా, నీలాంటి డ్రైవర్లు కడపలో వీధికొకడు అని తాళం లాక్కున్నాడు. రంగన్నను పంపి, బాడుగ కార్లు తోలే మస్తాన్ అనే అతన్ని పిలిపించాడు. మస్తాన్ వచ్చి, పీట చూసి, ఏదో ఆచారం కాబోలనుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆసుపత్రి వాకిలి దాకా పోయి, గేటు దగ్గర బ్రేకు వేయబోయి, పీటతో సహా స్టీరింగు మీదికి జారాడు. కారు గేటు స్తంభానికి వేలెడు దూరంలో ఆగింది. అతను దిగి పొట్ట రుద్దుకున్నాడు.

"కారు తోలమంటాండారా, నన్ను పెండ్లికొడుకును చేస్తాండారా? ఇంక బాసికం ఒకటే తక్కువ. నాకు పెండ్లాం పిల్లలుండారప్పా," అని తువ్వాలు దులుపుకుని పోయాడు.

ఎండ ముదిరింది. కారు మళ్లీ మెట్ల దగ్గరికి తోసుకొచ్చారు. సుబ్బరత్నమ్మ వెనక సీట్లో ఎక్కి కూర్చుని ఎటో చూస్తోంది. నాగలక్ష్మమ్మ నిలబడలేక మెట్టు మీద చతికిలబడింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏసేపు గోడకు ఆనుకుని, అడుగు ముందుకు వేయలేదు. పోయి ఎక్కమని మనసు పీకుతోంది. అయినా వేయలేదు.

అప్పుడు లోపలి నుంచి కృపమణి వచ్చింది. నాగలక్ష్మమ్మ చేతుల్లో నుంచి బిడ్డను తీసుకుని కారు దగ్గరికి నడిచింది. ముందు తలుపు తెరిచే ఉంది. పీటను చూసింది, వెనక ఉన్న ముసలామెను చూసింది. గొంతు పెంచలేదు.

"బిడ్డను యాడ పెట్టల్ల రెడ్డెమ్మా? నీ ఒళ్లోనా, ఈ పీట మీదనా?"

సుబ్బరత్నమ్మకు అర్థం కాలేదు. అదేం మాటని విసుక్కుంది.

"వీన్ని అందరికన్నా ముందర ఎత్తుకునింది నేను. దూదితో తుడిసినా, గుడ్డలో సుట్టినా. దూది మైలను పీల్చుకుంటాదంట గదా, మా ఆయన చెప్పినాడు. అందుకే అడుగుతాండా."

రెడ్డి చెప్పులకేసి చూసుకున్నాడు. మెట్టు మీద నాగలక్ష్మమ్మ మాత్రం అత్తను కళ్లార్పకుండా చూస్తోంది. కృపమణి బిడ్డను పట్టుకుని అట్లాగే నిలబడింది. తిరిగి పోలేదు, బిడ్డను అందించనూ లేదు.

సుబ్బరత్నమ్మ కిందికి దిగింది. ముందు తలుపు దగ్గరికి వచ్చి, ఏసేపు కూర్చున్న ఆ పీటను, ఇన్నాళ్లూ రంగన్న చేత తప్ప తను వేలు తగిలించని ఆ పీటను, తన చేత్తోనే తీసింది. తీసుకుపోయి వెనక తన కాళ్ల కింద వేసుకుంది. ఆవిడా పొట్టి మనిషే, సీట్లో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు.

"కాళ్లు ఏలాడి తిమ్మిర్లు ఎక్కుతాండాయి. నాకు ఈడ ఉండనీ," అంది ఎవరి వైపూ చూడకుండా. ఆ తరువాత బిడ్డ కోసం చేతులు చాచింది.

తప్పయిందని అనలేదు, అనే మనిషీ కాదు. ఏసేపు రెడ్డి చేతిలో నుంచి తాళం అడగకుండానే తీసుకున్నాడు. సీటు మీద కూర్చుని, నడుము ఆనించి, పిడి లాగి ముందుకు జరిపాడు. టక్కుమంది. ఊపి చూశాడు. క్లచ్చి అడుగంటా తొక్కి చూశాడు, బ్రేకు తొక్కి చూశాడు. వెనక వాళ్లు ఎంత తొందర పడుతున్నా, హవల్దారు చెప్పిన ప్రకారం అన్నీ చూసుకున్నాకే కారు కదిలించాడు.

దారి పొడుగునా కోపం తగ్గలేదు. ఇన్నాళ్ల కోపం ఒక్క పూటలో ఎట్లా తగ్గుతుంది? వంక దిగుడు వచ్చింది. వెనక పీట మీద ముసలామె పాదాలు బిగుసుకున్నాయి. ఏసేపు కాలు చాచాడు. బ్రేకు పాదానికి నిండుగా అందింది.