ముక్కుదొర

తెల్లారేసరికి ఆకాశం తోమని గిన్నెలా ఉంది. వాన పడదు, ఎండా కాయదు. ఓడరేవులో శనగల బస్తాలతో దిగిన గదంత ఇనుప కంటెయినరు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాటి ముందు ముఠామేస్త్రి తమ్ముడి చెప్పులు. మనిషిని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ప్రాణం దారిలోనే పోయిందని కబురొచ్చింది.

పైదేశం సరుకులో పురుగు చావడానికి మందుగాలి పెడతారు. తలుపులు తీసి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాకే మనిషి లోపలికి వెళ్ళాలి. అలా వదిలామని మేస్త్రి సంతకంతో కాగితం ఉంటేనే సరుకు గేటు దాటుతుంది. కాగితం ఎప్పుడూ ముందే తయారయ్యేది. గాలి పోయిందో లేదో తేల్చేది మాత్రం తమ్ముడి ముక్కు. ముఠా దూరంగా నిలబడితే వాడొక్కడే లోపలికి వెళ్ళేవాడు. ఆ గాలిది వెల్లుల్లి వాసన; అదొస్తే ఆగమనేవాడు, లేకపోతే పదండనేవాడు. అందుకే వాడు ముక్కుదొర.

ఇవాళ తెల్లవారకముందే వాడు పడిశంతో పనిలోకి వచ్చాడు.

"ఏం దొరా, ముక్కుకి సెలవా?" అని ఎవడో అన్నాడు.

"పడిశం నాకురా, నా ముక్కుకి కాదు."

అందరూ నవ్వారు. అన్న మేస్త్రి కూడా నవ్వాడు. వాడు వెళ్ళాక లోపలినుంచి "పదండి" అని వినిపించింది. తర్వాత దగ్గు. అంతే.

చావు కబురొచ్చిన కాసేపటికే సరుకు ఏజెంటు బల్లమీద కాగితం పరిచాడు. "తలుపులు నిన్న పొద్దున్నే తీశామని రాశాం. సంతకం పెట్టు మేస్త్రీ, ఎప్పుడూ పెట్టేదేగా."

"తీసింది ఇవాళ కదండీ."

"పోయినవాడు తిరిగొస్తాడా? పడిశం పెట్టుకుని వెళ్ళడం వాడి తప్పేగా! సరుకు ఆగితే నీ ముఠాకి పనుండదు. పదిమంది పొట్ట కొడతావా?"

మేస్త్రి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏ వాసనా లేదు.

"ఈ కాగితం చెయ్యాల్సిన పని వాడి ముక్కుతో చేయించాం బాబూ. నేను పెట్టను."

శవాన్ని సాయంత్రానికిగానీ ఇవ్వరట. మధ్యాహ్నం ముఠా గోడవార కూర్చుంది. పని లేదని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. తమ్ముడి క్యారేజీ మేకుకే వేలాడుతోంది.

"అన్నం పారబోయకూడదురా" అంటూ ముసలి హమాలీ దాన్ని దించి మూత తీశాడు.

గుప్పున వెల్లుల్లి వాసన. పడిశానికి మంచిదని మరదలు కూరలో దండిగా వేసినట్టుంది. అలవాటుగా అందరి చేతులూ ఆగిపోయాయి. పదండి అనేవాడు లేడు.

చాలాసేపటికి మేస్త్రి మొదటి ముద్ద కలిపాడు. తర్వాత ఒక్కొక్కరూ చెయ్యి చాచారు.