సూదికీ అన్నానికీ నడుమ

ఆళ్లగడ్డ ఎస్తేరమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే కంచంలో అన్నం చల్లారాల్సిందే. ముందు దేవునికి స్తుతులు, తర్వాత గోస్పాడు ఊళ్లో ఉన్న చుట్టాలు, వాళ్ల పిల్లల పరీక్షలు, శనగచేనుకు వాన, ఆఖరికి వీధిలో కరెంటు. ఆమె మొగుడు జ్ఞానప్రకాశం ఒక కన్ను తెరిచి కూర వైపు చూసేవాడే కానీ నోరెత్తేవాడు కాదు. అంగన్‌వాడీలో పిల్లలందరినీ ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు అది. ఆ గొంతే ఒక్కగానొక్క కూతుర్ని ఇంటికి దూరం చేసింది.

ఆ కూతురు ప్రియదర్శినికి బడికి పోయే వయసులోనే చక్కెర జబ్బు వచ్చింది. పొట్ట వెనక క్లోమం అని ఒకటుంటుందనీ, అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంటి కాపలావాళ్లే దొంగలనుకుని చంపేశారనీ డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచీ తినే ముందు సూది, సూది వేసుకున్న కాసేపటికే తిండి.

పోయిన ఈస్టరు మధ్యాహ్నం చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. పిల్ల సూది వేసుకుని వచ్చి కంచం ముందు కూర్చుంది. పండగ కదా, ఎస్తేరమ్మ ప్రార్థన ఇంకా సాగింది. ప్రార్థన నడుమ ముద్ద ఎత్తకూడదని కూతురికి నేర్పింది కూడా ఆమే. అందరూ కళ్లు మూసుకోవడంతో ఆ పిల్ల చేతులు వణకడం, చెమటలు కారడం ఎవరూ చూడలేదు. ఆమెన్ అనేసరికి ప్రియదర్శిని పక్కకు ఒరిగిపోయింది.

స్పృహ పూర్తిగా పోలేదు కాబట్టి చక్కెర నీళ్లు తాగించారు. తేరుకున్నాక అందరి ముందూ ఒకటే మాట అంది.

"నీ ప్రార్థనే నన్ను సంపుతాండె కదమా."

ఆ సాయంత్రమే నంద్యాల బస్సెక్కింది. అక్కడ ల్యాబులో ఉద్యోగం, అద్దె గది. మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఫోనులో తిన్నావా అంటే తింటి అని పెట్టేసేది. చుట్టాలు అడిగితే లీవు లేదంట అనేది ఎస్తేరమ్మ. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది మరి. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తన చేతి వంట పెట్టాలని, ఆ తల మీద చెయ్యి వేసి ఒక్కసారి ప్రార్థన చేయాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

చివరికి ఒక ఆదివారం జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టుకుని తానే నంద్యాల పోయింది. ప్రియదర్శిని తలుపు తీసి పక్కకు జరిగింది. ఎస్తేరమ్మ కూర్చోను కూడా కూర్చోకుండా, ఇన్నేళ్లలో అడగనిది అడిగింది.

"ఆ పండగ పొద్దు నీ ఒంట్లో ఏమాయ పాపా? నాకు తెలిసేట్టు చెప్పు."

ప్రియదర్శిని చెప్పింది. తిన్నది చక్కెరై రక్తంలోకి వస్తుంది. దాన్ని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. అందరి ఒంట్లో అది చక్కెరను చూసి పుడుతుంది, చక్కెర తగ్గితే తానూ తగ్గుతుంది. అప్పుడు కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి వదులుతుంది.

"సూదిలో పోయిన దానికి ఆగేది తెలీదుమా. నువ్వు తిన్యా, తినకపోయినా దాని పని అది చేస్తానే ఉంటాది," అని కాస్త ఆగి, "నీ మాదిరే," అంది.

ఎస్తేరమ్మ మూట విప్పి రొట్టెలు, కూర బయటికి తీసింది. కూతురు పొట్టకు సూది వేసుకుంటుంటే చూసింది. కంచం పెట్టగానే అలవాటు కొద్దీ పెదాలు కదిలాయి. పంటి బిగువున ఆపుకుంది.

"బేగా తిను పాపా."

ప్రియదర్శిని తలెత్తి తల్లిని చూసింది. రొట్టె తుంచుకుంది. కూర మళ్లీ అడిగి పెట్టించుకుంది. అంతా తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, చున్నీ నెత్తిన వేసుకుని తల్లి ముందు కూర్చుంది.

"ఇప్పుడు చెయ్ మా. ఎంతసేపైనా చెయ్."

ఎస్తేరమ్మ కూతురి తల మీద చెయ్యి వేసింది. ఇన్ని నెలలు కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా, నా బిడ్డ" అంది. అక్కడే ఆగిపోయింది. ప్రియదర్శిని కళ్లు తెరవలేదు, ఆమెన్ కూడా అనలేదు. ఆ చెయ్యి కింద అలాగే కూర్చుంది.